మోకాళ్ల కొలనులో ట్రాము గంట

గంగ నాకు కొత్త కాదు. గార్డెన్ రీచ్ డాకులో పనిచేసే రోజుల్లో, మధ్యాహ్నం తిండి వేళకి నది అడ్డంగా ఈదుకుంటూ అవతలి ఒడ్డుకి పోయి, అక్కడ మట్టి ముంతలో టీ తాగి, మళ్లీ ఈదుకుంటూ వచ్చి సైరను మోగే లోపల క్రేను కింద నిలబడేవాణ్ణి. స్టీమర్లో పోయే జనం నన్ను చూడ్డానికి ఒక పక్కకి చేరితే స్టీమరు ఒరిగేది. ఒకసారి స్టీమరు నడిపే సరంగు టోపీ తీసి నాకేసి ఊపాడు కూడా.

కలకత్తాలో ఈ మాట నేను చెప్పని తెలుగువాడు లేడు. లిలువా రైల్వే వర్కుషాపులో ఉన్న మా బావమరిదికి చెప్పాను. బడ్జ్ బడ్జ్ జూటు మిల్లులో ఉన్న మా ఊరివాళ్లకి చెప్పాను. మా ఆవిడ శ్రీకాకుళం నుంచి కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు ఆవిడకీ చెప్పాను. ఆవిడ కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. ఒక ఆడమనిషి అలా వింటుంటే నది కాస్త వెడల్పు పెరుగుతుంది, ఏం చేస్తాం. ఆ కథే ముసలితనంలో నన్ను ఒక కొలనులో తాడు పక్కన ఒంటరిగా నిలబెడుతుందని అప్పుడు తెలీదు.

మా ఆవిడ కార్పొరేషన్లో వీధులు ఊడ్చేది. నడుం వంచి, మోకాళ్లు మడిచి, ఖిదిర్‌పూర్ ట్రాము లైను పొడుగునా ఊడ్చి ఊడ్చి రిటైరైంది. రిటైరయ్యాక మోకాళ్లు మొరాయించాయి. పొద్దున్న మంచం దిగితే ఇనప తలుపు తెరిచినట్టు చప్పుడు. డాక్టరు ఎక్స్‌రే చూసి, కీలు మధ్య మెత్త అరిగిపోయింది, ఇక ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి అన్నాడు. ఖాళీగా కూచున్నాను కదా అని నా కాలు కూడా వంచి చూశాడు. నాదీ అంతేనన్నాడు. గట్టినేల మీద నడిస్తే నొప్పి, నడవకపోతే కండ చస్తుంది, అంచేత ఇద్దరూ నీళ్లలో వ్యాయామం చేయండి, నీళ్లలో ఒళ్లు తేలికవుతుంది, కీలు మీద బరువు పడదు అన్నాడు.

"ఆవిణ్ణి పంపుతాను డాక్టర్‌బాబూ. నాది డాకు ఒళ్లు. నాకేం కాలేదు," అన్నాను.

అలా మా ఆవిడ కొలనులో దిగింది. నేను ఆటోలో తీసుకెళ్లి, గట్టు మీద బెంచీలో కూచుని, చేతిసంచీ కాపలా కాసేవాణ్ణి. ఒక ధర్మసంస్థవాళ్లు ముసలివాళ్ల కోసం కట్టించిన కొలను అది. పైన రేకుల కప్పు, గోరువెచ్చని నీళ్లు, చుట్టూ పట్టుకోడానికి స్టీలు కమ్మీ. దానికి ఏదో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. నేను మోకాళ్ల కొలను అంటాను. లోపలున్న మోకాళ్లన్నీ చెడిపోయినవే.

చీర తప్ప ఇంకోటి కట్టని మనిషి పొడుగు చేతుల చొక్కా, కాళ్లకి అతుక్కునే ప్యాంటు, నెత్తిన రబ్బరు టోపీ వేసుకుని మెట్ల మీద నిలబడితే నేను నవ్వబోయాను. ఆవిడ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. రొమ్ముల దాకా నీళ్లు వచ్చేసరికి ముఖం మారిపోయింది. నొప్పి లేని ముఖం అది. ఆ ముఖం చూసి ఎంతకాలమైందో. నేను ఎంత అమృతాంజనం రాసినా రాని ముఖం నీళ్లకి వచ్చింది. నాకు మొదటి అసూయ నీళ్ల మీదే పుట్టింది. మనిషి మీద తర్వాత.

ఆ మనిషి ట్రాము దాదా. దాదా అంటే ఇక్కడ అన్న, ఎవర్నైనా అలా పిలుస్తారు. కలకత్తా ట్రాము నడిపి రిటైరైన బెంగాలీ. వెండి జుట్టు, సన్నటి మీసం, ముసలివాడికి ఉండకూడనంత నిటారు. ట్రాము డ్రైవరు నిలబడే నడపాలి కాబట్టి మోకాళ్లు పోయాయట. పాఠం చెప్పే అమ్మాయి ఫిజియోథెరపీ చదివిన పిల్ల. అందరూ దిదిమొణి, అంటే టీచరమ్మ, అంటారు. ఈత రానివాళ్లని ఆ పిల్ల ఇద్దరిద్దరుగా జతచేసి, ఎదురెదురుగా నిలబెట్టి, చేతులు పట్టుకోమంటుంది. ఒకరు ముందుకి నడవాలి, ఒకరు వెనక్కి. ఒకరు కాలు ఎత్తితే ఒకరు బరువు ఆపాలి. కొత్తగా వచ్చినవాళ్లకి పాతవాళ్లు తోడు. మా ఆవిడకి ట్రాము దాదా తోడయ్యాడు.

ఆస్తే, బౌది, ఆస్తే, అంటూ ఆయన వెనక్కి నడిచేవాడు. వదినగారూ మెల్లగా అని. నేను సంచీ ఒళ్లో పెట్టుకుని చూసేవాణ్ణి.

పోనీ అది వ్యాయామం అనుకున్నాను. ఒకరోజు ఆటోలో మా ఆవిడే కదిపింది.

"ఆ ట్రామాయన నన్నెరుగును మావా," అంది.

"ఎలగెరుగును?"

"ఖిదిర్‌పూర్ లైను ఊడ్సేదాన్ని గదా. తెల్లారగట్ల మొదటి ట్రాము ఆయనదేనట. పట్టాల్లో సెత్త తీస్తంటే గంట కొట్టేవోడు. గట్టిగా కాదు. కాల్తో సిన్నగా, టింగు టింగని. నాను పక్కకి జరిగేదాన్ని."

"ఆ లైనులో ఊడ్సేవోళ్లు ఎంతమందున్నారు. నిన్నే గుర్తెట్టుకున్నాడా?"

"సీపురు బుజాన ఏసుకుని సలాం కొట్టేదాన్నట."

"కొట్టేదానివా?"

"ఏమో. కొట్టే ఉంటాను. ట్రాము మీదకొస్తంది గదా."

ఆ రోజు నేను అన్నం సరిగా తినలేదు. ఆలోచించండి. నేను డాకులో క్రేను కింద నిలబడి చెమటలు కక్కుతుంటే, ప్రతి తెల్లవారీ ఒక మగవాడు నా పెళ్లానికి చిన్నగా గంట కొట్టాడు. ఆవిడ సలాం కొట్టింది. ఇన్నేళ్లూ నాకు తెలీదు. పైగా బెంగాలీ ఆవిడకి వీధుల్లో అబ్బింది, నీళ్లలా మాట్లాడుతుంది. నాది డాకు హిందీ. వాళ్లిద్దరూ నీళ్లలో వేగంగా ఏదో అనుకుని నవ్వుకుంటే నాకు సగం అందేది, మిగతా సగం నేనే తయారుచేసుకునేవాణ్ణి. నేను తయారుచేసిన సగం ఎప్పుడూ ఎక్కువ ఘోరంగా ఉండేది.

దానికితోడు మెట్లు. మా ఇల్లు రెండో అంతస్తు. ఇన్నాళ్లూ మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, నా మీద బరువేసి ఎక్కేది. నేను డాకులో సిగ్నల్‌మన్ని. ఓడ అడుగున సరుకు క్రేను డ్రైవరుకి కనబడదు, అతని కళ్లు నేనే. హబీస్ అంటే ఎత్తు, ఆరియా అంటే దించు. మాట వినబడని చోట చేతులతో చెప్పేవాణ్ణి. అరచెయ్యి పైకి తిప్పితే ఎత్తు, కిందికి తిప్పితే దించు, పిడికిలి బిగించి నిలబెడితే ఉన్నచోట ఆపు, సరుకు జారుతోంది అని. ఇంట్లోనూ అదే భాష. మెట్టుమెట్టుకీ హబీస్ అనేవాణ్ణి, ఆవిడ కాలెత్తేది. మంచం మీద కూచోబెట్టేటప్పుడు ఆరియా, ఆరియా. ఇరుగుపొరుగు నవ్వినా మాకు అలవాటైపోయింది.

నీళ్లలోకి వెళ్లడం మొదలెట్టిన కొన్నాళ్లకి, ఒకరోజు ఆటో దిగాక ఆవిడ నా చెయ్యి పట్టుకోలేదు. గోడకున్న కమ్మీ పట్టుకుని తనే ఎక్కేసింది. నేను హబీస్ అనే లోపల మలుపు తిరిగింది. నా చెయ్యి గాలిలో ఉండిపోయింది. కోపమొచ్చి అక్కడే మెట్టు మీద కూలబడి, చెప్పు పట్టీ సర్దుకుంటున్నట్టు చాలాసేపు కూచున్నాను. పైనుంచి ఆవిడ పిలిచింది.

"ఏటి మావా, రావేటి?"

"సెప్పు," అన్నాను.

ఆ తర్వాత రోజూ అదే జరిగింది. రోజూ నాకు చెప్పు అడ్డమొచ్చేది. ఆవిడ నా చేతిని ట్రాము దాదా చేతులకి మార్చేసుకుందని నిశ్చయించుకున్నాను.

నేను ఊరుకోలేదు. దిదిమొణిని పక్కకి పిలిచి, దాదా దగ్గుతున్నాడమ్మా, పెద్ద వయసు, చూసుకోవాలి అన్నాను. ఆయన్ని ఆ రోజు గట్టు మీద కూచోబెట్టారు. నా బెంచీలో, నా పక్కనే. తువ్వాలు భుజాన వేసుకుని మా ఆవిడకి చెయ్యూపుతూ, "బౌది చాలా త్వరగా నేర్చుకుంటున్నారు దాదా, మీరు అదృష్టవంతులు," అన్నాడు నాతో. ఒక్కసారి కూడా దగ్గలేదు. మా ఆవిడ ఒక మార్వాడీ ముసలావిడతో జతకట్టి నడిచింది. నాకేం లాభం?

ఇక నేనే దిగాలి అనుకున్నాను. నిక్కరు కొనుక్కుని వెళ్లి నిలబడ్డాను. దిదిమొణి సంతోషపడి, "కాకు, నీళ్లంటే భయమా?" అని అడిగింది. కాకు అంటే బాబాయి.

నోరు మూసుకుని అవునని తలూపి ఉంటే సరిపోయేది. ఈత రాదంటే జతకడతారు. జత ఎవరంటే పెళ్లామే కదా. కానీ ట్రాము దాదా అక్కడే ఉన్నాడు, నడుం దాకా నీళ్లలో, నిటారుగా.

"నాకా? భయమా? దిదిమొణీ, నేను డాకులో ఉన్నప్పుడు గంగని అడ్డంగా ఈదేవాణ్ణి," అన్నాను. టీ సంగతీ, స్టీమరు ఒరిగిన సంగతీ కూడా చెప్పాను. సరంగు టోపీ కూడా.

ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. అందర్నీ పిలిచి చెప్పింది. ట్రాము దాదా రెండు చేతులూ జోడించి నిజమైన గౌరవంతో నాకు నమస్కారం పెట్టాడు. అది నన్ను కాల్చింది. మా ఆవిడ గోడకున్న తెల్ల పలకలకేసి చూస్తోంది.

ఈత వచ్చినవాళ్లకి ఆ కొలనులో జత ఉండదు. లోతు మొదలయ్యే చోట అడ్డంగా ఒక తాడు కట్టి ఉంటుంది. వాళ్లు ఆ తాడు దగ్గర ఎవరికి వాళ్లు చేసుకోవాలి. ఈత వచ్చినవాళ్లు ఆ తరగతిలో ఇంకెవరూ లేరు. నేనొక్కణ్ణే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నాకు ఈత రాదు. గంగ నేను దాటిన మాట నిజమే, ఫెర్రీలో. టీ తాగిన మాట నిజమే, ఫెర్రీ టిక్కెట్టు జేబులో పెట్టుకుని. సరంగు టోపీ తీశాడు, తల గోక్కోడానికి. చిన్నప్పుడు మా ఊరి సముద్రంలో ఒక అల నన్ను తిరగేసి ఇసకలో ముఖం రుద్దింది, అప్పట్నుంచీ మోకాలు దాటి నీళ్లలో దిగలేదు. డాకు మనిషికి నీళ్లతో పని లేదు, ఓడతో పని.

అలా నేను తాడు దగ్గర, ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంకో చెయ్యి ఊపుతూ వ్యాయామం చేస్తున్నట్టు కనబడేవాణ్ణి. వాళ్లిద్దరూ అటు చివర. దిదిమొణి "వెనక్కి" అంటే ట్రాము దాదా వెనక్కి నడుస్తూ, నీళ్లలో కుడికాలు టపీమని కింద తొక్కేవాడు, గంట కొట్టినట్టు. నోటితో టింగ్ టింగ్ అనేవాడు. మా ఆవిడ చీపురు భుజాన వేసుకున్నట్టు చెయ్యి పెట్టి పక్కకి జరిగేది. ఇద్దరూ పగలబడి నవ్వేవారు. ఆ నవ్వు నా మీద నవ్వి ఉంటే బాగుండేది, కనీసం నాకు సంబంధం ఉండేది. నేను తాడు దగ్గర్నుంచి అరచెయ్యి తిప్పి, ఇటు రా అని సిగ్నల్ ఇచ్చేవాణ్ణి. ఆవిడ చూసేది కాదు. చూసినా చూడనట్టుండేది.

ఇంట్లో అడిగాను. "ఆ గంట ఆటేటొలే, ఈ వయసులో?"

"ఆడితే నొప్పి తెలీదు మావా."

"నాతో ఆడొచ్చు గదా."

"నువ్వు గంగలో ఈదినోడివి. నీకు జోడీ ఎందుకు?" అంది. కూరలో ఉప్పు చూస్తోంది. నాకేసి తిరగలేదు.

ఈత రాదని చెప్పేయాలని ఆటోలో ప్రతిసారీ అనుకునేవాణ్ణి. గార్డెన్ రీచ్ రోడ్డు మలుపు తిరిగేదాకా ధైర్యం ఉండేది. కొలను వాసన తగిలేసరికి ట్రాము దాదా జోడించిన చేతులు గుర్తొచ్చేవి. ఆయన ముందు చెప్పాలి. అదే కష్టం.

ఒకరోజు దిదిమొణి అందరికీ స్పాంజి కర్రలు ఇచ్చింది. పొడుగ్గా, రంగురంగుల్లో, నీళ్లలో తేలేవి. జతలుగా ఉన్నవాళ్లు ఒకరు పట్టుకుంటే ఒకరు గుర్రం ఎక్కినట్టు దానిమీద కూచుని సైకిలు తొక్కినట్టు కాళ్లు ఆడించాలి. కీళ్లకి అంతకన్నా మంచి పని లేదట. "కాకు, మీరు మీ అంతట మీరు చేసేయండి," అంది నాతో.

మా ఆవిడ కర్ర మీద కూచుంది. దాదా పట్టుకున్నాడు. నేను వాళ్లకేసి చూస్తూ నా కర్ర కాళ్ల మధ్య పెట్టుకుని, రెండు కాళ్లూ నేల మీంచి ఎత్తాను. కర్ర పాములా జారి వెనక్కి పోయింది. నేను తాడు కింద నుంచి అటు పక్కకి పోయాను. కాలికి నేల తగల్లేదు. నీళ్లు నెత్తి దాకా వచ్చాయి. నెత్తి దాకా కాదు, గడ్డం దాకా. కానీ గడ్డం దాకా నీళ్లొచ్చినవాడికి మిగతాది ఎంతో దూరంగా అనిపించదు.

అరవడానికి నోరు తెరిస్తే నీళ్లు వచ్చాయి. ఒక చెయ్యి తాడు మీద పడింది. ఇంకో చెయ్యి దానంతట అదే పైకి లేచింది. పిడికిలి బిగించి నిలబెట్టాను. ఆపు. సరుకు జారుతోంది. డాకులో ఆ పిడికిలి చూస్తే ఎంత పెద్ద క్రేనైనా ఆగిపోయేది.

కానీ అది డాకు కాదు. పిడికిలి ఎత్తినవాణ్ణి చూస్తే కలకత్తాలో జనం ఏమనుకుంటారో నేను మర్చిపోయాను. ఊరేగింపు అనుకుంటారు. మార్వాడీ ముసలావిడ నవ్వుతూ పిడికిలి ఎత్తింది. పక్కనున్న రిటైర్డ్ గుమాస్తా ఎత్తాడు. ఒక్క క్షణంలో కొలను నిండా తడి పిడికిళ్లు. ట్రాము దాదా ఎన్ని సమ్మెలు చూసిన మనిషో, ఒక చేత్తో మా ఆవిడ కర్ర పట్టుకుని, ఇంకో చెయ్యి ఎత్తి, రేకులు అదిరేలా "జిందాబాద్" అన్నాడు. అందరూ అందుకున్నారు. దిదిమొణి, కాకు అందరికీ హుషారు తెచ్చారు, అంటోంది. నేను వాళ్ల జయజయధ్వానాల మధ్య మునుగుతున్నాను.

పిడికిలి ఎత్తనిది ఒక్క మనిషే. మా ఆవిడ నాకేసి చూసింది. కర్ర మీంచి దిగింది. దాదా చెయ్యి వదిలేసింది. వదిలేయడం నేను కళ్లారా చూశాను. నీళ్లని రెండు చేతులతో ఊడ్చుకుంటూ, చీపురుతో వీధి ఊడ్చినట్టే, తిన్నగా నా దగ్గరికి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. తాడు ఇవతలికి లాగింది. పాదాలకి నేల తగిలింది.

"ఆరియా," అంది నా చెవిలో. "ఆరియా మావా. కాళ్లు దించు."

దించాను.

దిదిమొణి భయపడి వచ్చేసింది. ఏమైంది కాకు అంటోంది. దాదా కూడా పక్కకి వచ్చి నిలబడ్డాడు. నేను నోట్లో నీళ్లు ఉమ్మి నిజం చెప్పబోయాను. మా ఆవిడ నాకంటే ముందే బెంగాలీలో చెప్పేసింది, కాలు పట్టేసింది, ముసలాయన కదా, ఇక నుంచి తాడు దగ్గర వద్దు, నాతోనే ఉంటాడు అని.

దాదా నా భుజం తట్టాడు. "గంగలో కూడా కాళ్లు పట్టేస్తాయి దాదా," అన్నాడు. ఆయన మార్వాడీ ముసలావిడకి జోడీ అయ్యాడు. ఆవిడకీ గంట కొడతాడు. ఆ గంట వినబడినప్పుడల్లా మా ఆవిడ తల అటు తిరుగుతుంది. కొద్దిగానే తిరుగుతుంది. నేను చూసుకుంటూనే ఉంటాను.

ఇప్పుడు నేను వెనక్కి నడుస్తాను, ఆవిడ ముందుకి. రెండు చేతులూ నా చేతుల్లో ఉంటాయి. మెట్ల దగ్గర కూడా మళ్లీ నా చెయ్యి పట్టుకుంటోంది. ట్రాము వదిలి నా మీదే బరువేసింది, చివరికి ఎవరి మీద ఆనుకోవాలో ఆవిడకి తెలిసింది.

ఇంతవరకూ రాసి, నిన్న సాయంత్రం మా ఆవిడకి చదివి వినిపించాను. స్టూలు మీద కూచుని పొటల్ కాయలు గీరుతోంది. నెత్తి దాకా నీళ్ల దగ్గర నవ్వింది. దాదా గంట దగ్గర నవ్వలేదు. అంతా అయ్యాక చాకు పక్కన పెట్టింది.

"ఈత రాదని నాకు పెళ్లయిన కొత్తలోనే తెలుసు. సముద్రం కాడ నీల్లు మోకాలు దాటనిచ్చేవోడివి కావు. అది నీ ఇష్టం, ఎలగైనా రాసుకో. మెట్ల కాడిది మార్సు."

"అదేటి మార్సాలి?"

"నీ మీద బరువేసి ఎక్కినానని రాసినావు. నానెప్పుడు ఏసినాను? నీ ఎడమ కాలు నా కాళ్ల కంటే ముందే పోయింది. డాకట్రు సెప్తే ఇనలేదు. నా కాలు నొప్పని సెప్పి నిన్ను పట్టుకుని ఎక్కించినాను. నీల్లలోకి కూడా, నాను దిగితే నువ్వూ దిగుతావని ఎల్లినాను. గోడ పట్టుకుని ఒక్కద్దాన్నే ఎక్కింది, నువ్వు ఎలగ ఎక్కుతావో సూద్దారని. సెప్పుకేటీ అవలేదు మావా. ఎక్కలేక కూకున్నావు."